రెండో కారు ఎవరికి?

ఫార్ములా వన్ తొలినాళ్లలో ఒక డ్రైవర్ పందెం మధ్యలో తన కారును సహచరుడికి అప్పగించడం నియమాలకు లోబడిన విషయమే కాక, ఆ కారు సంపాదించిన పాయింట్లను ఇద్దరికీ పంచే ఏర్పాటు కూడా ఉండేది. 1956లో ఇటలీలోని మోంజాలో ఫెరారీ అగ్రశ్రేణి డ్రైవర్ ఫాంజియో కారు స్టీరింగ్ దెబ్బతిన్నప్పుడు సహచరుల్లో లుయిజీ ముస్సో తన కారు ఇవ్వడానికి సమ్మతించలేదు. పీటర్ కాలిన్స్ మాత్రం, తానే ప్రపంచ విజేత కాగల అవకాశం ఇంకా మిగిలి ఉండగానే, కారు దిగి ఇచ్చాడు. ఆ కారులో రెండో స్థానం పొందిన ఫాంజియో నాలుగోసారి ఛాంపియన్ అయ్యాడు. కాలిన్స్ ఇష్టపూర్వకంగా చూపిన ఆ ఔదార్యాన్ని తర్వాతి యాజమాన్యాలు ఆదేశంగా మార్చుకోవడం ఈ క్రీడ చరిత్రలో విచారకరమైన మలుపు.

కార్లను నిర్మించే జట్లకు ఇచ్చే కన్‌స్ట్రక్టర్స్ ఛాంపియన్‌షిప్ 1958లో మొదలైనా, 1978 వరకు ప్రతి పందెంలో జట్టు కార్లలో ముందు నిలిచినదాని పాయింట్లే లెక్కకు వచ్చేవి. 1979 నుంచి రెండు కార్ల పాయింట్లూ చేరడంతో రెండో డ్రైవర్ సామర్థ్యానికి విలువ పెరిగింది. అయితే సామర్థ్యం పెరిగినచోట కలహమూ పెరిగింది. 1986లో విలియమ్స్ జట్టు టైటిల్ గెలిచినా, దాని డ్రైవర్లు మాన్సెల్, పికే ఒకరి పాయింట్లను మరొకరు తినివేయగా, డ్రైవర్ల టైటిల్ మెక్‌లారెన్‌కు చెందిన ప్రాస్ట్‌కు దక్కింది. 1988లో 16 పందేలలో 15 గెలిచిన మెక్‌లారెన్‌లో సెన్నా, ప్రాస్ట్‌ల మధ్య రాజుకున్న వైరం మరుసటి ఏడాది సుజుకాలో ఇద్దరి కార్లూ ఢీకొనేదాకా వెళ్లింది.

అందువల్ల రెండో డ్రైవర్ ఎంపికలో గతకాలపు గాయమే తరచు నిర్ణాయకమైంది. మెర్సిడెస్ సహచరుడు హామిల్టన్‌తో టైటిల్ కోసం మూడేళ్లు పోరాడి 2016లో ఛాంపియన్ అయిన రోస్‌బర్గ్ అయిదు రోజులకే పోటీల నుంచి విరమించుకోగా, జట్టు ఆ స్థానానికి వాల్తెరి బోటాస్‌ను తెచ్చింది. అతడున్న అయిదేళ్లూ, 2017 నుంచి 2021 వరకు, జట్టు టైటిల్ మెర్సిడెస్‌దే అయింది. కానీ 2018లో సోచిలో ముందున్న బోటాస్ జట్టు ఆదేశం మేరకు హామిల్టన్‌కు దారి ఇవ్వవలసి వచ్చింది, జట్టులోని శాంతికి చెల్లించిన మూల్యం అది.

బలహీనుడిని కూర్చోబెట్టినా నష్టమే. 2024లో వెర్‌స్టాపెన్ ఛాంపియన్ అయినా, అతని సహచరుడు పెరెజ్ ఎనిమిదో స్థానంలో మిగిలిపోవడంతో రెడ్ బుల్ జట్ల వరుసలో మూడో స్థానానికి పడిపోయింది. పెరెజ్ స్థానంలో నియమించిన లియామ్ లాసన్‌ను 2025లో రెండు పందేలకే మార్చివేశారు.