ఇంగ్లండ్ పాఠశాలల్లో బహుమత విద్య – ఉపాధ్యాయుల తయారీ

విద్యాచరిత్ర చదివేటప్పుడు చట్టాలు, సంఘాల నివేదికలు, వాటి సంవత్సరాలు గుర్తుపెట్టుకోవడం మీకు అలవాటై ఉంటుంది. ఈ పాఠంలోనూ అవి ఉన్నాయి. అయితే వాటితో పాటు ఒక ప్రశ్నను వెంట ఉంచుకోండి. చట్టం మారిన మర్నాడు తరగతి గదిలోకి అడుగుపెట్టే ఉపాధ్యాయుడికి ఏం తెలుసు? తాను నమ్మని మతం గురించి, ఆ మతాన్ని నమ్మే పిల్లవాడు ఎదురుగా బెంచీ మీద కూర్చుని ఉండగా, అతను పాఠం చెప్పాలి. తప్పుగా చెబితే ఆ పిల్లవాడు నొచ్చుకుంటాడు. మరీ భక్తిగా చెబితే పక్క పిల్లవాడి తల్లిదండ్రులు అభ్యంతరపెడతారు. ఏ భావమూ లేకుండా అప్పజెబితే తరగతికి తరగతే నిద్రపోతుంది. ఈ చిక్కును ఇంగ్లండ్ ఎలా ఎదుర్కొందో చూద్దాం.

చట్టం వేసిన పునాది

1870 ప్రాథమిక విద్యా చట్టంలో కౌపర్-టెంపుల్ నిబంధన అనేది ఒకటి ఉంది. ప్రజల పన్నులతో నడిచే బోర్డు పాఠశాలల్లో ఏ ఒక్క క్రైస్తవ శాఖకో ప్రత్యేకమైన ప్రశ్నోత్తర గ్రంథాన్ని బోధించకూడదని దాని సారాంశం. అప్పటి తగాదా మతానికీ మతానికీ మధ్య కాదు, చర్చికీ చర్చికీ మధ్య. బైబిలు చదివించడానికి అడ్డు లేదు. ఇష్టం లేని తల్లిదండ్రులు పిల్లలను ఆ పాఠం నుంచి తప్పించుకోవచ్చు.

1944 విద్యా చట్టం మత బోధనను తప్పనిసరి చేసింది. రోజూ సామూహిక ప్రార్థన జరగాలన్నది. ఏం బోధించాలో మాత్రం కేంద్రం నిర్ణయించలేదు. ప్రతి స్థానిక విద్యాధికార సంస్థ పరిధిలోనూ చర్చిల ప్రతినిధులు, ఉపాధ్యాయ సంఘాలు, స్థానిక సంస్థ కలిసి కూర్చుని ‘సమ్మత పాఠ్యప్రణాళిక’ను తయారుచేయాలి. ఉపాధ్యాయుడికి ఇష్టం లేకపోతే ఈ పాఠం చెప్పనక్కరలేదు, అందువల్ల అతని ఉద్యోగానికి ముప్పు రాకూడదు. ఈ రక్షణను ప్రత్యేకంగా గమనించండి. శిక్షణ గురించి ఎవరికీ పెద్దగా చింత లేకపోవడానికి కారణం సులభంగానే తెలుస్తుంది: ఉపాధ్యాయుడు క్రైస్తవ కుటుంబంలో పెరిగినవాడే అయి ఉంటాడు, బైబిలు కథలు అతనికి ఇంట్లోనే వచ్చి ఉంటాయి అన్నది అందరి ఊహ. పైగా శిక్షణ కళాశాలల్లో అనేకం చర్చిలు స్థాపించినవే.

ఈ ఊహ 1960ల్లో రెండు వైపుల నుంచీ బీటలు వారింది. ఒకవైపు, 1964లో రొనాల్డ్ గోల్డ్‌మన్ వెలువరించిన పరిశోధన, పియాజే సిద్ధాంతాన్ని ఆధారం చేసుకుని, చిన్న పిల్లలు బైబిలు కథలను పెద్దలు అనుకునే అర్థంలో గ్రహించడం లేదని చూపింది. మరోవైపు బర్మింగ్‌హామ్, కోవెంట్రీ, లెస్టర్ వంటి నగరాల బడుల్లో పంజాబు, గుజరాత్, పాకిస్తాన్, కరీబియన్ దీవుల నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు చేరారు. కెన్యా, ఉగాండాల నుంచి వెళ్లిపోవలసి వచ్చిన భారత సంతతి కుటుంబాలు కూడా త్వరలోనే వచ్చాయి. సిక్కు పిల్లవాడి తలపాగా గురించి తోటి పిల్లలు అడిగితే ఉపాధ్యాయుడి దగ్గర జవాబు లేదు.

విశ్వవిద్యాలయం నుంచి తరగతి గదికి

1967లో లాంకాస్టర్ విశ్వవిద్యాలయంలో మత అధ్యయన శాఖ ఏర్పడింది. దాని మొదటి ఆచార్యుడు నినియన్ స్మార్ట్. మతాన్ని బయటి నుంచి విమర్శించకుండా, లోపలి నుంచి ప్రచారం చేయకుండా, నమ్మేవారికి అది ఎలా అనిపిస్తుందో అర్థం చేసుకోవాలన్నది ఆయన పద్ధతి. సిద్ధాంతం, పురాణగాథ, నీతి, ఆచారం, అనుభూతి, సామాజిక వ్యవస్థ అని ఆరు పార్శ్వాలు చెప్పాడు. ఉపాధ్యాయులకు ఇది ఎంతో ఊరటనిచ్చింది. అన్ని మతాలనూ నమ్మనక్కరలేదు, ఎలా చూడాలో తెలిస్తే చాలు. 1971లో స్కూల్స్ కౌన్సిల్ వెలువరించిన పత్రం ఈ ధోరణినే సమర్థించింది.

పద్ధతి ఒక్కటే సరిపోదు, సామగ్రి కావాలి. 1969లో ఉత్తర ఇంగ్లండ్‌లోని షాప్ అనే ఊళ్లో జరిగిన సమావేశం నుంచి విశ్వవిద్యాలయ ఆచార్యులు, శిక్షణ కళాశాలల అధ్యాపకులు, బడి ఉపాధ్యాయులు కలిసి పనిచేసే ‘షాప్ కార్యవర్గం’ పుట్టింది. అది వేసిన మత పండుగల క్యాలెండరు ఎన్నో బడుల గోడలకెక్కింది. మనకు క్యాలెండరు సాధారణ వస్తువు. కానీ ఈద్ తేదీ ఏటా ఎందుకు జరుగుతుందో తెలియని ఉపాధ్యాయుడికి అది చేతికర్ర లాంటిది.

1975లో బర్మింగ్‌హామ్ నగరం కొత్త సమ్మత పాఠ్యప్రణాళికను ఆమోదించింది. పిల్లలను క్రైస్తవులుగా తీర్చిదిద్దడం ఇక లక్ష్యం కాదు. వివిధ మతాలను విమర్శనాత్మకంగా అర్థం చేసుకోవడమే లక్ష్యం. మతేతర దృక్పథాలతో పాటు కమ్యూనిజాన్ని కూడా చేర్చినందుకు పెద్ద దుమారం రేగింది, న్యాయ సలహాల దాకా వెళ్లింది. ఆ గొడవలో మరుగున పడిపోయిన విషయం ఒకటుంది. అసలు పాఠ్యప్రణాళిక చాలా చిన్నది. దానితో పాటు ఉపాధ్యాయుల కోసం వచ్చిన చేతిపుస్తకం పెద్దది. ఏం బోధించాలో తేల్చడం కంటే బోధించేవారిని సిద్ధం చేయడమే కష్టమని ఆ రెండింటి పరిమాణమే చెబుతోంది.

వినాయకుడి బొమ్మ

స్మార్ట్ పద్ధతి బడుల్లోకి దిగేసరికి పలుచబడింది. అది ఆయన తప్పు కాదు. తొందరలో ఉన్న ఉపాధ్యాయుడు ఆరు పార్శ్వాల్లో ఆచారాన్ని మాత్రమే పట్టుకున్నాడు. గుళ్లో చెప్పులు విడవాలి, సిక్కులు ధరించే గుర్తులు ఐదు, యూదుల దీపస్తంభానికి ఇన్ని కొమ్మలు. పరీక్షకు పనికొచ్చే ఈ సమాచారం పిల్లవాడిని కదిలించదు.

దీనికి బర్మింగ్‌హామ్‌లోనే గట్టి ప్రయత్నం జరిగింది. మతాల ‘గురించి’ నేర్చుకోవడం, మతాల ‘నుంచి’ నేర్చుకోవడం వేరని 1987లో మైఖేల్ గ్రిమిట్ వివరించాడు. ఆయన, జాన్ హల్, మరికొందరు ఉపాధ్యాయినులు కలిసి చిన్న తరగతుల కోసం రూపొందించిన ‘ఎ గిఫ్ట్ టు ద చైల్డ్’ 1991లో వెలువడింది. హల్ ఆస్ట్రేలియాలో పుట్టినవాడు, 1980ల్లో చూపు పూర్తిగా కోల్పోయి కూడా ఆచార్యుడిగా కొనసాగినవాడు. వారి పద్ధతిలో మతమంతటినీ చెప్పరు. ఒక్క వస్తువునో ధ్వనినో తీసుకుంటారు. వినాయకుడి బొమ్మ, లేదా అజాన్. ముందు పిల్లలు దాన్ని చూస్తారు, వింటారు. తర్వాత అందులోని వివరాలు కనుక్కుంటారు. ఆ తర్వాతే అది ఎవరి జీవితంలో ఎక్కడ ఉందో తెలుసుకుంటారు. చివరికి తమ గురించి ఆలోచిస్తారు. దగ్గరికి తీసుకెళ్లే మెట్టు ఎంత ముఖ్యమో, దూరం నిలిపే మెట్టూ అంతే ముఖ్యం. బొమ్మ ముందు కూర్చున్న ముస్లిం పిల్లవాడికి ‘ఇది హిందువులకు దేవుడు, నువ్వు మొక్కనక్కరలేదు’ అని తెలియాలి. హిందూ పిల్లవాడికి తన దేవుణ్ణి ఆటవస్తువు చేయలేదని తెలియాలి. ఈ రెండూ ఒకే వాక్యంలో, ఒకే గొంతుతో పలకడం ఉపాధ్యాయుడు నేర్చుకోవలసిన విద్య. పుస్తకం చదివినంత మాత్రాన అది అబ్బదు.

అప్పటికే 1985 స్వాన్ నివేదిక బహుమత విద్యను సమర్థించింది. 1988 విద్యా సంస్కరణ చట్టం కొత్త పాఠ్యప్రణాళికలు బ్రిటన్ సంప్రదాయాలు ప్రధానంగా క్రైస్తవమని గుర్తిస్తూనే ఇతర ముఖ్య మతాలనూ లెక్కలోకి తీసుకోవాలని చెప్పింది. వ్యతిరేకించినవారు దీన్ని కలగాపులగం అన్నారు. ఆ వాదనలో ఆహారం, కల్తీ, మైల వంటి మాటలే ఎక్కువగా దొర్లుతున్నాయని హల్ ఎత్తి చూపాడు. అంటు, ముట్టు అనే మాటల చరిత్ర తెలిసిన మనకు ఆయన మాట వెంటనే అర్థమవుతుంది.

పుస్తకంలోని మతం, ఇంట్లోని మతం

వార్విక్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ జాక్సన్, ఎలినార్ నెస్బిట్ మరో దారి పట్టారు. కోవెంట్రీలోని హిందూ పిల్లల ఇళ్లకు, గుళ్లకు వెళ్లి పరిశీలించి 1993లో పుస్తకం వెలువరించారు. ఆ పిల్లల్లో గుజరాతీలు, పంజాబీలు ఉన్నారు. సత్యసాయి భక్తుల బాలవికాస్ తరగతులకు వెళ్లే పిల్లలూ ఉన్నారు. అంటే పుట్టపర్తి ప్రభావం కోవెంట్రీ దాకా పాకింది. ‘హిందువులు ఇలా నమ్ముతారు’ అని బహువచనంలో చెప్పే పాఠంలో ఈ పిల్లలు ఇమడరు. మీరూ ప్రయత్నించి చూడండి. తెలంగాణ పల్లెల్లో హిందువులు కూడా పాల్గొనే పీర్ల పండుగను ఏ మతం కింద రాస్తారు? తన తరగతిలోని పిల్లవాడిని అతని మతానికి ప్రతినిధిగా నిలబెట్టి ప్రశ్నించకూడదని శిక్షణలో నేర్పవలసి వచ్చింది ఇందుకే.

ఇక్కడ మన దేశంతో ఒక పోలిక అవసరం. ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడిగా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1936లో ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాచ్య మతాలు, నీతిశాస్త్రాల ఆచార్య పీఠం అలంకరించారు. ఆయన అధ్యక్షతన 1948–49లో పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ మత ప్రవక్తల జీవితాలను విద్యార్థులు చదవాలని సూచించింది. రాజ్యాంగం 28వ అధికరణం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థల్లో మత బోధనను నిషేధించింది. కొఠారీ కమిషన్ (1964–66) మత బోధన వేరు, మతాల గురించిన విద్య వేరు అని తేడా చూపింది. మతాల గురించి చదవడం 28వ అధికరణానికి విరుద్ధం కాదని 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంగ్లండ్ తరగతి గదిలో తేల్చుకోవలసిన తేడాను మనం ఎక్కువగా కోర్టుల్లోనూ నివేదికల్లోనూ తేల్చుకున్నాం.

ఇంగ్లండ్‌లోనూ అది పూర్తిగా తేలలేదు. 2013లో పాఠశాలల తనిఖీ సంస్థ ఆఫ్‌స్టెడ్ తన నివేదికలో బలహీనమైన అంశాల్లో ఒకటిగా ఎత్తిచూపింది క్రైస్తవ మత బోధననే. ఇంట్లోనే వచ్చి ఉంటుందన్న పాత ఊహ మిగిలింది, ఇంట్లో వచ్చే రోజులు మాత్రం పోయాయి. మత విద్యపై ఏర్పడిన స్వతంత్ర కమిషన్ 2018లో ఈ పాఠ్యాంశం పేరునే ‘మతాలు, ప్రపంచ దృక్పథాలు’గా మార్చాలన్నది. ప్రాథమిక ఉపాధ్యాయుల ప్రారంభ శిక్షణలో దీనికి కనీసం 12 గంటలు కేటాయించాలని కూడా కోరింది. ప్రభుత్వం అప్పట్లో ఆ సిఫార్సులను చేపట్టలేదు.