శక్త్యాగారంలోని వర్క్‌షాపు

1981లో మా బ్యాచ్ తొమ్మిదో తరగతి. సైన్సు మాస్టారు బోర్డు మీద కణం బొమ్మ గీసి, మైటోకాండ్రియాకు బాణం గుర్తు వేసి ‘కణ శక్త్యాగారం’ అని రాశారు. పరీక్షకు ఆ ఒక్క ముక్క చాలింది. థర్మల్ విద్యుత్ కేంద్రంలో ముప్పై ఏళ్లు పనిచేశాక, మా పిన్ని కోసం ఆ పాఠం మళ్లీ తెరిచాను. వయసులో ఉన్నప్పుడు ఆమె టీబీకి స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు చేయించుకుంది. జబ్బు తగ్గింది, వినికిడి పోయింది.

విద్యుత్ కేంద్రంలో సొంత వర్క్‌షాపు ఉన్నట్టే మైటోకాండ్రియాలోనూ ఒకటి ఉంది. కణం నుంచి విడదీసిన మైటోకాండ్రియా ప్రోటీన్లు తయారుచేస్తున్నాయని 1950ల చివర్లో ప్రయోగాలు చూపాయి. అది వాటిలో కలిసిన బ్యాక్టీరియా పనేమోనని చాలామంది శంకించారు. 1963లో స్టాక్‌హోంలో మార్గిట్ నాస్, సిల్వన్ నాస్ దంపతులు కోడిపిండం కణాల మైటోకాండ్రియాలో డీఎన్ఏ పోగులను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూశారు.

మరి ఈ వర్క్‌షాపుకు ఆర్డర్లు ఎవరిస్తారు? 1965లో జంషెడ్ టాటా, ఆయన సహచరులు ఎలుకలకు టి3 అనే థైరాయిడ్ హార్మోను ఇచ్చి, వాటి కాలేయం నుంచి తీసిన మైటోకాండ్రియాలో ప్రోటీన్ల తయారీ పెరిగిందని చూపారు. అంటే బయటి నుంచి వచ్చే సంకేతానికి లోపలి పని వేగం మారుతుంది.

మేము ఆ బొమ్మ గీసిన 1981లోనే కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు మానవ మైటోకాండ్రియా డీఎన్ఏను పూర్తిగా చదివారు. మొత్తం 16,569 అక్షరాలు, 37 జన్యువులు. వాటిలో ప్రోటీన్లకు సంబంధించినవి 13 మాత్రమే. మిగతా వందల రకాల ప్రోటీన్లు, చివరికి ఆ వర్క్‌షాపు యంత్రమైన రైబోజోములోని ప్రోటీన్లు కూడా, కేంద్రకం పంపాల్సిందే. ఈస్ట్‌లోనైతే మైటోకాండ్రియాలోని ఒక్కో సందేశాన్ని చదివించడానికి కేంద్రకం ప్రత్యేకమైన ప్రోటీన్లను పంపుతుంది. అవి రాకపోతే సందేశం ఉన్నా సరుకు తయారుకాదు.

స్ట్రెప్టోమైసిన్ వంటి మందులు బ్యాక్టీరియా రైబోజోమును పట్టుకుంటాయి. మైటోకాండ్రియా రైబోజోముకు దానితో పోలికలున్నాయి. 1555వ స్థానంలో ఒక్క అక్షరం మారితే ఆ పోలిక ఇంకా పెరిగి, ఈ మందుల వల్ల చెవుడు రావచ్చని 1993లో తేలింది. మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తాయి కాబట్టి ఈ మార్పూ తల్లి వైపు నుంచే వస్తుంది.

పిన్నికి జరిగింది ఇదేనో కాదో చెప్పే పరీక్ష అప్పట్లో లేదు. కానీ మా చెల్లి కొడుకును ఆసుపత్రిలో చేర్చినప్పుడు, పిన్ని సంగతి ముందే డాక్టరుకు చెప్పాం. ఆయన విని మందు మార్చారు.

మాస్టారు రాసిన మాట తప్పు కాదు. దాని పక్కన ఇంకో వాక్యం చేర్చమని మన బడి టీచర్లకు నా మనవి: ఆ శక్త్యాగారంలో ఒక వర్క్‌షాపు ఉంది, అది తన ఇష్టప్రకారం నడవదు.