చిత్రహింసకు గురైన శరణార్థులకు సామాజిక సేవలు

చిత్రహింస నుంచి బయటపడి పరాయి దేశం చేరినవారికి వైద్యంతో పాటు నివాసం, భాష, న్యాయసహాయం, తోడు సమకూర్చే సేవల చరిత్రను సాధారణంగా కోపెన్‌హాగన్‌తో మొదలుపెడతారు. 1974లో ఇంగె గెనెఫ్కె, తోటి డేనిష్ వైద్యులు ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ తరఫున బాధితులను పరీక్షించసాగారు. 1982లో అక్కడ పునరావాస కేంద్రం వెలిసింది. ఆ ఘనత వారిదే. కానీ సామాజిక సేవల మూలాన్ని చిలీలో వెతకడం న్యాయం. 1973 సైనిక కుట్ర తర్వాత, 1975లో అక్కడి చర్చిలు నెలకొల్పిన ఫాసిక్ సంస్థ మొదట చేసినది జైలుశిక్షను దేశబహిష్కారంగా మార్పించుకునే ఖైదీల కాగితాల పని, వారి కుటుంబాలకు ఆసరా. మానసిక చికిత్స 1977లో గానీ దానికి తోడవలేదు. అంటే సామాజిక సేవ వైద్యానికి చివర్లో తగిలించిన అనుబంధం కాదు. చిలీలో అదే ముందు పుట్టింది.

లాటిన్ అమెరికా నుంచి ప్రవాసులు చేరిన టొరంటోలో వైద్యులు, న్యాయవాదులు, సామాజిక కార్యకర్తలు కలిసి పనిచేసి 1983లో ఒక కేంద్రాన్ని రిజిస్టర్ చేయించారు. ఒక్కో బాధితుడికి ఒక్కో స్థానిక వలంటీరును స్నేహితుడిగా జతచేయడం, ఏకాగ్రత చెదిరినవారికి తగినట్టు ఇంగ్లిష్ తరగతులు నడపడం అక్కడి పద్ధతి. లండన్‌లో హెలెన్ బాంబర్ 1985లో స్థాపించిన సంస్థ 1992 నుంచి శరణార్థులకు కూరగాయల మడులు ఇచ్చింది. గదిలో ఎదురెదురుగా కూర్చుని ప్రశ్నలడగడమే కొందరికి విచారణ గదిని గుర్తుచేస్తుంది. చేతిలో పార ఉన్నప్పుడు మాట దానంతటదే వస్తుంది. అది కాలక్షేపం కాదు, పక్కన మానసిక చికిత్సకులు ఉండేవారు.

ఇదంతా డాక్టర్లను పెట్టడానికి డబ్బు చాలక చేసే సర్దుబాటేనన్న ఆక్షేపణ ఉంది. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. 81,866 మందిపై జరిగిన సర్వేలను 2009లో క్రోడీకరించిన అధ్యయనం ప్రకారం, ఆఘాతానంతర మానసిక రుగ్మతతో అన్నిటికంటే బలంగా ముడిపడింది చిత్రహింసే. అలాంటి రుగ్మతకు నిపుణులే కావాలి, వలంటీరు చాలడు. అయితే లండన్‌లోని 84 మంది ఇరాకీ శరణార్థులపై 1998లో వెలువడిన అధ్యయనం మరో సంగతి తేల్చింది: కుంగుబాటు తీవ్రతను గతంలో పడ్డ హింస కంటే ఇప్పుడు అయినవాళ్ల అండ లేకపోవడమే ఎక్కువగా నిర్ణయిస్తోంది. రెంటికీ పొత్తు కుదరకపోలేదు. పీడకలకు చికిత్స చేసే వైద్యుడు అద్దె ఇల్లు, ఆశ్రయం దరఖాస్తు తేలని మనిషిని మళ్లీ అదే అనిశ్చితిలోకి పంపుతున్నాడు. రెండో ఆక్షేపణ ఇంకా గట్టిది: సొంత దేశస్థుల్లోనే వేగులవాళ్లు ఉండవచ్చు, దుబాసీని చూసినా భయమే. కాబట్టి అండనిచ్చే సముదాయమంటే తప్పనిసరిగా స్వదేశీయుల గుంపు అనుకోకూడదు. టొరంటో స్నేహితుల పద్ధతి విలువ ఇక్కడే తెలుస్తుంది.

1984 నాటి ఐక్యరాజ్య సమితి చిత్రహింస వ్యతిరేక ఒప్పందంలోని 14వ అధికరణం పునరావాసాన్ని హక్కుగా గుర్తించింది. అందులో న్యాయ, సామాజిక సేవలూ భాగమేనని, అవి శరణార్థులకూ అందాలని ఆ ఒప్పందపు కమిటీ 2012లో స్పష్టం చేసింది. భారత్ 1997లో దానిపై సంతకం చేసింది, ఆమోదముద్ర వేయలేదు. 1951 శరణార్థుల ఒప్పందంలో అసలు చేరలేదు. అలాంటి భారత్‌లో, ధర్మశాలలో చిత్రహింస బాధితులైన టిబెటన్ల బాగోగులు చూసే కార్యక్రమాన్ని నడుపుతున్నది ప్రవాస టిబెట్ యంత్రాంగపు ఆరోగ్య శాఖే.