చిత్రికలో రెండవ ఇనుము

ఉగాది సంచికలో వడ్రంగం ముచ్చట ఏమిటని చదువరులు అనుకోవచ్చును. పండుగనాడు కూర్చునే పీట మొదలు దేవుని మందిరం తలుపు వరకు చిత్రిక పట్టనిదే నునుపు రాదు గదా! అందుచేత ఆ పనిముట్టు చరిత్ర కొంత మనవి చేస్తున్నాము.

తిన్నగా పెరిగిన టేకుతో పేచీ లేదు. చిక్కంతా అలలు తిరిగిన చెక్కతోనే. మన కడప, చిత్తూరు కొండల ఎర్రచందనంలో అలలు తిరిగిన దుంగలకు జపానువారు ఎక్కువ వెల కట్టి, షామిసెన్ అనే తమ తంత్రీవాద్యానికి వాడుకొన్నారు. కంటికి ఇంపైన ఆ అలలే వడ్రంగికి పగ. జానెడు చెక్కలో నార ఎన్నోసార్లు పైకి లేచి కిందికి దిగుతుంది. నారకు ఎదురు పోయినచోట చెక్క తెగడానికి ముందే చీలుతుంది. ఆ చీలిక ఇనుము కంటె ముందుగా లోపలికి పోయి, పెచ్చు లేచి గుంట పడుతుంది.

దీనికి పూర్వులు ఇనుమును నిటారుగా నిలిపినారు. మామూలు వాలు 45 డిగ్రీలైతే మొండి చెక్కకు 50, 55, 60 డిగ్రీల దాకా పోయినారు. పళ్ల ఇనుముతో గీకి, ఆపైన ఉక్కు రేకుతో గోకి నునుపు చేసేవారూ ఉండేవారు. పని అయ్యేది గాని చేతులు పడిపోయేవి.

1767లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో శామ్యూల్ కారుథర్స్ అనే చిత్రికల తయారీదారు పత్రికలో ఒక ప్రకటన వేసినాడు. మెలితిరిగిన చెక్కకు పళ్ల చిత్రికల కంటెను, నిటారు చిత్రికల కంటెను తన రెండు ఇనుముల చిత్రికలు ఎంతో మేలని దాని సారాంశం. కోసే ఇనుము మీద మరొక ఇనుము బిగిస్తారు. లేచిన పొట్టును అది వెంటనే ముందుకు వంచి నొక్కుతుంది. చీలిక లోపలికి పోవడానికి వ్యవధి ఉండదు. చెక్క ఎంత మెలి తిరిగి ఉంటే రెండవ ఇనుమును అంచుకు అంత దగ్గరగా జరపవలెనని పీటర్ నికల్సన్ 1812లోనే తన గ్రంథంలో వివరించినాడు.

పిదప యంత్రాలు వచ్చినవి. రెండవ ఇనుము చాలా చిత్రికలలో నిలిచింది గాని, దాని మర్మం చాలామంది మరచినారు. అది మొదటి ఇనుము అదరకుండా ఉండడానికేనని వ్రాసినవారూ ఉన్నారు! జపానులోని యమగాట విశ్వవిద్యాలయానికి చెందిన కావాయి, కాటో అనే పరిశోధకులు పొట్టు లేచే తీరును చలనచిత్రంగా తీసినారు. రెండవ ఇనుము మొనను 80 డిగ్రీలకు దిద్ది, అంచుకు 0.1 మిల్లీమీటరు దూరంలో నిలిపితే పెచ్చు లేవకపోవడం అందులో కనిపించింది. 2012 ప్రాంతంలో అది పడమటి దేశాల వడ్రంగుల కంట బడి, పాత విద్య మళ్లీ వెలుగులోకి వచ్చింది.

పనిముట్టు చేత ఉన్నంత మాత్రాన విద్య చేత ఉన్నట్లు కాదు. అంచును పదును పెట్టడం, రెండు ఇనుముల నడుమ సందు లేకుండా కూర్చడం, వెంట్రుకవాసి దూరంలో బిగించడం, పలుచని పొట్టు తీయడం—ఇవి చూచి నేర్వవలసినవి. మన పేటలలో చేయి తిరిగిన వృద్ధ వడ్రంగులు ఉన్నచోట పిల్లలను ఒక పూట వారి దగ్గర కూర్చోబెట్టవలెనని మా మనవి.