బాలల పక్షమున నిలిచిన గురువు : ప్రొఫెసర్ శాంతా సిన్హా గారు

మౌలాలి కొండ క్రింద కాపురమున్న మన సంఘస్తులలో రైల్వేవారు అనేకులు. ఇల్లు విడిచి రైలెక్కి వచ్చిన పిల్లలను సికింద్రాబాద్ స్టేషనులో చూడనివారు మనలో అరుదు. అట్టి పిల్లవానిని దొంగ అనుట సులువు. ఆ మాట తప్పని మా తరమువారికి నేర్పిన గురువులలో ప్రొఫెసర్ శాంతా సిన్హా గారు ముఖ్యులు. సంఘ పెద్దలను గూర్చి ఈ సంచికలో వ్రాయువారు పలువురున్నారు గనుక, మేము సంఘము వెలుపలి గురువును గూర్చి వ్రాయుచున్నాము.

ఆమె 1950లో నెల్లూరున జన్మించిరి. హైదరాబాద్ విశ్వవిద్యాలయములో రాజనీతి శాస్త్రము బోధించిరి. తాతగారైన చరిత్రకారులు మామిడిపూడి వెంకటరంగయ్య గారి పేర 1981లో ఏర్పడిన ఎం.వి. ఫౌండేషను, 1991 నుండి రంగారెడ్డి జిల్లా గ్రామములలో పిల్లలను పని మాన్పించి బడికి తెచ్చుటకు పూనుకొన్నది. 1986 నాటి బాలకార్మిక చట్టము కొన్ని ప్రమాదకరమైన పనులనే నిషేధించి, పొలము పనిని, ఇంటి పనిని విడిచిపెట్టినది. ఆమె వాదము వేరు. బడిలో లేని ప్రతి బిడ్డయు బాలకార్మికుడే.

పిల్లల కూలి లేనిదే పేదవారికి గడవదని చదువుకొన్నవారే అనుచుండిరి. (మన సంఘములలోను ఈ మాట వింటిమి.) కాని ఊరూర తిరిగిన యువకార్యకర్తలు కనుగొన్నది మరొకటి. బిడ్డ చదువు కొరకు కష్టము ఓర్చుటకు కూలి తల్లిదండ్రులు సిద్ధమే. అడ్డుపడినవి దరఖాస్తులు, సర్టిఫికెట్లు, బడిలో చిన్నచూపు. పశువులు కాచిన పన్నెండేండ్లవాడు ఒకటవ తరగతిలో పసిపిల్లల ప్రక్కన ఎట్లు కూర్చుండును? అందుకే బ్రిడ్జి శిబిరములు పెట్టిరి. కొన్ని నెలలు అక్కడనే ఉంచి చదివించి, వయస్సుకు తగిన తరగతిలో చేర్చిరి. ఆ కార్యకర్తలలో అనేకులు తమ యింట మొదటిసారి బడికి పోయినవారు. కొందరు ఒకప్పటి బాలకార్మికులే. అట్టి యువతను తయారుచేయుటయే ఆమె గురుత్వమని మా అభిప్రాయము.

2003లో ఆమెకు మెగసెసే బహుమానము లభించినది. 2007 నుండి 2013 వరకు జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషనుకు ప్రథమ అధ్యక్షురాలుగా పనిచేసిరి.

చట్టమునకు చిక్కిన పిల్లల సంగతియు ఇందులోనిదే. 1986 చట్టము మగపిల్లలను పదునారేండ్ల వరకే బాలురనెను. 2000 చట్టము దానిని పదునెనిమిదికి పెంచెను. 2012 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన ఘోరము తరువాత ఆ వయస్సును తగ్గించవలెనని దేశమంతట కేకలు లేచినవి. ఆ కోపము అన్యాయమైనది కాదు. అయినను 2013 జూలైలో సుప్రీం కోర్టు తగ్గించుటకు ఒప్పుకొనలేదు. 2015 చట్టము మాత్రము, ఘోరనేరములలో పదునారు నిండినవారిని బోర్డు విచారించి పెద్దవారివలె విచారణకు పంపవచ్చునన్నది. ఇది వెనుకడుగని మేము తలంచుచున్నాము. బడి, ఇల్లు, ఊరు విడిచిపెట్టిన బిడ్డను చివరకు కోర్టు మాత్రమే పట్టించుకొనుట ఏమి న్యాయము?

ఆ బోర్డులో మేజిస్ట్రేటుతోపాటు ఇద్దరు సంఘసేవకులుందురు, వారిలో ఒకరు స్త్రీయై యుండవలెను. పిల్లల ఆరోగ్యము, విద్య, సంక్షేమములలో ఏడేండ్లు పనిచేసినవారు అందుకు అర్హులు. బడులలో, ఆసుపత్రులలో అంతకంటె ఎక్కువకాలము పిల్లల మధ్య గడిపిన టీచరమ్మలు, నర్సమ్మలు మన సంఘములలో కొదువలేరు.