నింద కంప్యూటరు మీద, తప్పు వైరింగులో

అమెరికాలో 1974 దాకా ఫోక్స్‌వ్యాగన్ బస్సు కొన్నవాళ్లకు స్క్రూడ్రైవరు, ఫీలర్ గేజీ, కాస్త ఓపిక ఉంటే సరిపోయేది. ఇంజను మిస్సయితే పాయింట్లు చూసుకునేవారు, స్టార్టింగ్ ట్రబులొస్తే కార్బొరేటర్ జెట్టు విప్పి ఊదేవారు. జాన్ మ్యూర్ 1969లో తెచ్చిన ఫోక్స్‌వ్యాగన్ రిపేరు పుస్తకం లక్షల్లో అమ్ముడుపోయింది. స్పానరు పట్టడం రానివాడు కూడా రోడ్డు పక్కన ఇంజను విప్పి బిగించగలడని అది జనాన్ని నమ్మించింది. జర్మనీలోని వెస్ట్‌ఫాలియా కంపెనీ 1951 నుంచీ ఈ బస్సుల్లోనే పరుపు, పొయ్యి, అలమర అమర్చి క్యాంపర్ వ్యాన్లుగా మారుస్తూ వచ్చింది. ఊరికి వంద మైళ్ల దూరంలో రాత్రి బస చేసే బండి అది. అది ఆగిపోతే దాన్ని బాగుచేసుకోవలసింది కూడా అందులో పడుకున్నవాళ్లే.

1975 మోడల్‌తో ఆ ధైర్యానికి గండి పడింది. అమెరికాకు పంపే బస్సుల్లో కార్బొరేటర్ల స్థానంలో బాష్ కంపెనీవారి ఎల్-జెట్రానిక్ ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. యూరప్‌లో అదే బస్సు కార్బొరేటర్లతోనే తిరిగింది. తేడాకు కారణం అమెరికా పొగ నిబంధనలు.

ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ అప్పటికి కొత్త ఆలోచనేమీ కాదు. అమెరికాలో బెండిక్స్ కంపెనీ 1950లలోనే ఎలక్ట్రోజెక్టర్ పేరుతో ఒకటి తయారుచేసింది. క్రైస్లర్ 1958 మోడల్ కార్లు కొన్నిటికి బిగించి చూసింది. ఆనాటి ఎలక్ట్రానిక్ భాగాలు నిలవలేదు, వాటిలో చాలా కార్లకు మళ్లీ కార్బొరేటర్లే వేయాల్సి వచ్చింది. బెండిక్స్ పేటెంట్ల లైసెన్సు తీసుకున్న బాష్ 1967లో డీ-జెట్రానిక్‌ను ఫోక్స్‌వ్యాగన్ 1600 కార్లలో పెట్టి నిలబెట్టింది. దాన్ని పరీక్షించడానికి బాష్ ప్రత్యేకంగా ఒక టెస్టరు పెట్టె కూడా చేసింది. అది షోరూము వర్క్‌షాపుల సరుకు, సందులోని షెడ్డుకు అందేది కాదు. చేతిపనికీ కంపెనీ పరికరానికీ మధ్య దూరం అప్పుడే మొదలైందనుకోవచ్చు.

ఎల్-జెట్రానిక్ లోపల జరిగేది మాత్రం చూస్తే అర్థమయ్యేదే. ఇంజను పీల్చే గాలి దారిలో స్ప్రింగు మీద కదిలే రేకు ఒకటి ఉంటుంది. గాలి ఎంత పోతే రేకు అంత తెరుచుకుంటుంది. దాని ఇరుసుకున్న చిన్న చెయ్యి నల్లటి కార్బన్ పట్టీ మీద పాకుతూ వోల్టేజీ మారుస్తుంది. దాన్నిబట్టి కంప్యూటరు ఇంజెక్టర్లను ఎన్ని మిల్లీసెకన్లు తెరవాలో లెక్క కడుతుంది. పెట్రోలు పంపు స్విచ్చి కూడా ఆ రేకున్న గాలి మీటరులోనే ఉంది. అందుకే బస్సు కదలకపోతే చేసే మొదటి పరీక్షకు పరికరమే అక్కర్లేదు. తాళం ఆన్ చేసి, వేలితో రేకును నెట్టాలి. పంపు గుర్రుమంటే సగం సిస్టమ్ బాగున్నట్టే.

మిగతా సగానికి మల్టీమీటరు కావాలి. పాత మెకానిక్కులకు మింగుడుపడనిది ఇదే. సిలిండర్ హెడ్ మీద వేడి చూసే సెన్సరును తీసుకోండి. 20 డిగ్రీల దగ్గర అది సుమారు 2,500 ఓములు చూపిస్తుంది. ఇంజను వేడెక్కేకొద్దీ రెసిస్టెన్సు పడిపోతుంది. దాని కనెక్టరుకు చిలుము పట్టిందంటే రెసిస్టెన్సు పెరుగుతుంది, ఇంజను సలసల కాగుతున్నా కంప్యూటరు ఇంకా చల్లగానే ఉందనుకుంటుంది. ఇంకేముంది, పెట్రోలు కుమ్మరిస్తుంది. నల్ల పొగ, పడిపోయిన మైలేజీ, మసిపట్టిన ప్లగ్గులు. యజమాని ఖరీదైన కంప్యూటరు మార్పిస్తాడు, పొగ మాత్రం ఆగదు. కనెక్టరు తుడిస్తే పోయేదానికి అంత ఖర్చు!

ఈ బస్సు తర్వాతి తరంగా, 1980 మోడల్‌గా అమెరికాలో దిగిన వ్యానగన్‌లో వైరింగు మరింత చిక్కుబడింది. ఇంజను వెనకే ఉంది, బ్యాటరీ మాత్రం ముందు ప్యాసింజరు సీటు కిందికి వచ్చింది. స్టార్టరుకు పోయే కేబులు బండి పొడవునా సాగాలి. క్యాంపర్లలో దానికి తోడు ఫ్రిజ్జు, లైట్లు, నీళ్ల పంపు. చాలామంది డ్రైవరు సీటు కింద రెండో బ్యాటరీ తగిలించి, దానికో రిలే వేసి, దొరికిన వైరుతో జాయింట్లు కొట్టారు. ఇలాంటి బండిలో ఎర్తు వదులైతే రోగం ఒకచోట, నొప్పి మరోచోట. ఇంజన్లు నీటితో చల్లబడేవిగా మారాక 1.9 లీటర్లకు డిజిజెట్, 1986 నుంచి 2.1 లీటర్లకు డిజిఫాంట్ అనే ఇంజెక్షన్ సిస్టమ్‌లు వచ్చాయి. రేకు మీటరు మాత్రం కొనసాగింది.

ఆ రోజుల్లోనే ఒక వింత జబ్బు పేరుకెక్కింది. హైవే మీద చాలాసేపు ఒకే వేగంతో వెళ్లాక బండి ఉన్నట్టుండి గింజుకుంటుంది. పక్కన ఆపి, తాళం తీసి మళ్లీ పెడితే ఏమీ జరగనట్టు నడుస్తుంది. వర్క్‌షాపుకు తీసుకెళ్తే అక్కడ ఒక్కసారీ రాదు. వ్యానగన్ సిండ్రోమ్ అన్నారు దాన్ని. తేలిందేమిటంటే, గాలి మీటరు నుంచి కంప్యూటరుకు వెళ్లే సిగ్నల్‌లో గందరగోళం. ఫోక్స్‌వ్యాగన్ ఇచ్చిన మందు, కెపాసిటరు బిగించిన జానెడు వైరు ముక్క. దాన్ని మీటరుకూ దాని ప్లగ్గుకూ మధ్య తగిలించడమే.

మన దగ్గర కార్బొరేటర్ల నుంచి ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మార్పు 2000 ప్రాంతంలో వచ్చింది. మారుతి కార్ల వెనక ఎంపీఎఫ్‌ఐ అక్షరాలు చూసి ‘ఇది మన పని కాదులే’ అన్న మెకానిక్కులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వాళ్లకు కొన్నాళ్లకైనా స్కానరు తోడొచ్చింది. 1975 బస్సుకు ఆ సుఖం లేదు. తప్పును గుర్తుపెట్టుకునే మెమరీయే దానికి లేదు, ఒక్కో పిన్నుకూ మీటరు పెట్టి కొలవాల్సిందే. అమెరికాలో అన్ని కొత్త కార్లకూ ఒకే రకం డయాగ్నస్టిక్ సాకెట్టు 1996లో తప్పనిసరి అయ్యేనాటికి వ్యానగన్ అక్కడి మార్కెట్టు నుంచే తప్పుకుంది.

విసిగిపోయిన యజమానులు చాలామంది పాత ఇంజను తీసేసి సుబారు ఇంజను పెట్టించుకున్నారు, ఇప్పటికీ పెట్టించుకుంటున్నారు. దాంతో జెట్రానిక్ గొడవ వదిలింది. గేరుబాక్సుకూ బాడీకీ మధ్య ఉండే అల్లిక ఎర్తు పట్టీ, ముందు సీటు కింది బ్యాటరీ నుంచి వచ్చే పొడుగు కేబులు మాత్రం చాలా బండ్లలో పాతవే. సెకండ్ హ్యాండు వ్యాను చూడబోయేవాళ్లు ఇంజను సంగతి తర్వాత, ముందు ఆ రెంటినీ చూడటం మేలు.