మామిడికి చోటు చూసేది పుష్యమాసంలోనే

భోగి మంట ఇంకా పూర్తిగా ఆరలేదు. నూజివీడు పక్క పల్లెలో, పెద్దమ్మ వాళ్ల పెరట్లో ఉన్నారు మీరు. మంచుకు తడిసిన ఎర్రమట్టి అరికాళ్లకు చల్లగా తగులుతోంది. వాకిట్లో ముగ్గు పెట్టగా మిగిలిన పిండి గిన్నెతో పెద్దమ్మ వచ్చింది. తొమ్మిదైంది. దక్షిణాన పొరుగువాళ్లు కొత్తగా లేపిన రెండంతస్తుల మేడ నీడ పెరట్లో సగం దాకా పరుచుకుంది. పెద్దమ్మ నడుం వంచి ఆ నీడ అంచు వెంబడే ముగ్గుపిండితో గీత లాగుతోంది.

"ఈ గీతకి ఇవతల మామిడి వద్దబ్బాయ్. పూత నిలవదు."

మీకు నమ్మకం కుదరదు. వేసవి సెలవుల్లో వచ్చినప్పుడు ఇక్కడే కాళ్లు బొబ్బలెక్కాయి మరి! అదీ నిజమే. మే మొదటి వారంలో ఈ ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు; ఎంత ఎత్తు మేడకైనా నీడ గోడ దాటి రాదు. ఇప్పుడేమో దక్షిణానికి వాలి నడుస్తున్నాడు. పన్నెండుంపావుకి, అంటే పొద్దు బాగా పైకెక్కిన వేళకి, పెద్దమ్మ రెండో గీత వేస్తే మీరు టేపు పట్టి చూశారు. 22 అడుగుల మేడకి 17 అడుగుల నీడ!

మామిడి పూతకొచ్చేది సరిగ్గా ఈ చలి రోజుల్లోనే. అంటు కొనేది మాత్రం తొలకరికి. అందుకని అందరూ చోటు కూడా అప్పుడే చూస్తారు, అప్పుడు పెరడంతా ఎండే కనిపిస్తుంది. ఏళ్ల తరబడి నీళ్లు పోసి పెంచాక, ఆకు తప్ప పూత రాకపోతే గానీ పొరపాటు బయటపడదు. అప్పటికి చెట్టుని కదపలేం. పొద్దుటెండ మరీ ముఖ్యం. రాత్రి కురిసిన మంచు పూగుత్తుల మీద త్వరగా ఆరిపోవాలి. నీడపట్టున చెమ్మ నిలిస్తే బూడిద తెగులు పట్టుకుంటుంది. తేనెమంచు పురుగూ అలాంటి చోటే చేరుతుంది, దాని జిగురుకి ఆకులు మసి పూసినట్టు నల్లబడతాయి.

మూడో గీత సాయంత్రం నాలుగింటికి. మూడు గీతలకీ అవతల, ఉత్తరం వైపు, రెండు చోట్లు మిగిలాయి.

మొదటిది గిన్నెలు తోమే గచ్చు పక్కన. మట్టి మెత్తగా, గడ్డి పచ్చగా ఉంది. మీరు అక్కడే ఆగిపోయారు. పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది. "అక్కడ అరటి పెడదాం, కరివేపాకు పెడదాం. మామిడికి దసరా దాటాక నీళ్లు తగ్గించి ఎండగట్టాలి. రోజంతా కాలవ పారే చోట ఎలా ఎండగడతావు?" పూతకు ముందు నేల ఆరకపోతే మామిడి కొత్త చిగుళ్లు వేసుకుంటూ కూర్చుంటుంది.

రెండోది గడ్డివాము తీసేసిన జాగా. పలుగుతో పొడిచారు. జానెడు లోతున ఇటుక ముక్క తగిలింది, దాని వెంటే సిమెంటు పెళ్లలు. మేడ కట్టినప్పుడు పారబోసిన చెత్త. సున్నం కలిసిన అలాంటి మట్టిలో ఆకులు పాలిపోతాయి. నాలుగడుగులు పక్కకి జరిగి మళ్లీ తవ్వారు. ఈసారి మోకాలి లోతు దాకా శుభ్రమైన ఎర్రమట్టే. బకెట్టు నీళ్లు కుమ్మరిస్తే బుడగలు లేచి ఇంకిపోయాయి. మొదటి బకెట్టుని ఎండిన నేల ఎలాగైనా తాగేస్తుంది కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. గొయ్యి మళ్లీ నిండా నింపారు. ఇది తెల్లారేసరికి ఇంకిపోతే వేరుకు ఊపిరాడుతుంది, నిలిచిపోతే ఇంకోచోటు వెతుక్కోవాల్సిందే.

పెద్దమ్మ ఇప్పుడు తలెత్తి పైకి చూస్తోంది. కరెంటు తీగ వీధి వైపే ఉంది, ఇటు లేదు. ప్రహరీ దాకా అడుగులు కొలిస్తే 16 వచ్చాయి. కొమ్మలు చాచుకోవడానికి ఆపాటి ఎడం చాలు, ఏటా కాస్త కత్తిరిస్తూ ఉంటే.

"నీళ్లు ఇంకితే రేపు గూటం పాతేద్దాం. మేలో మూడడుగుల గొయ్యి తవ్వించి పదిహేను రోజులు ఎండనిస్తా. పైమట్టిలో పశువుల ఎరువు కలిపి పూడుస్తా. వానలు పడగానే నువ్వు చిన్నరసం అంటు పట్టుకురా. అతుకు మాత్రం మట్టికి పైనే ఉండాలి, పాతేటప్పుడు నేను దగ్గరుంటాలే."